పీహెచ్‌డీలోనా, పోస్ట్‌డాక్‌లోనా, ఉద్యోగం వచ్చాకా: పరిశోధకుల ఇంట పసిబిడ్డకు ఏ దారి అనుకూలం?

పరిశోధనలో ఉన్న యువ దంపతులు బిడ్డను ఎప్పుడు కనాలన్న విషయంలో సలహా అడిగితే మొదట వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: ఎక్కడ సెలవు ఎక్కువ ఇస్తారు? అక్కడి నుంచి మొదలుపెడితే లెక్క తప్పుతుందని నా అభిప్రాయం. సెలవు ఎంత ఉదారంగా ఉన్నా దాని వెనక మూడు గడువులు నడుస్తూనే ఉంటాయి. ఒకటి, చేతికి భృతి లేదా జీతం అందే గడువు. రెండు, థీసిస్ సమర్పించాల్సిన గడువు, లేదా కాంట్రాక్టు ముగిసే తేదీ. మూడు, తర్వాతి మెట్టుకు దరఖాస్తు చేయడానికి ఉన్న వయోపరిమితి, లేకపోతే ‘పీహెచ్‌డీ వచ్చిన ఇన్నేళ్లలోపు’ అన్న షరతు. ఆరు నెలలు సెలవు ఇచ్చి ఈ మూడింటిలో ఒక్కదాన్నీ ముందుకు జరపకపోతే, ఆ ఆరు నెలలను మీరు తర్వాత ఎక్కడో ఒకచోట తిరిగి కట్టాల్సిందే. అందుకని ఇక్కడ ప్రతి దారినీ ఒకే ప్రశ్నతో చూస్తాను: ఇది ఏ గడువును జరుపుతుంది, దేన్ని జరపదు?

హైదరాబాద్, తిరుపతి, విశాఖ లాంటి చోట్ల ల్యాబుల్లో ఉన్నవారిని, అక్కడి నుంచి అమెరికా, జర్మనీ, బ్రిటన్ వైపు చూస్తున్నవారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ‘అసలు పిల్లలు కావాలా’ అన్నది మీ ఇంటి విషయం. అందులో నేను తలదూర్చను. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక, శాశ్వత ఉద్యోగానికి ముందు కొన్నేళ్లు చేసే తాత్కాలిక పరిశోధన కొలువు.

పీహెచ్‌డీ మధ్యలో

మూడు దశల్లో థీసిస్ గడువు అత్యంత ఉదారంగా జరిగేది ఇక్కడే. విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. పునర్నమోదుతో ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. స్త్రీలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి వీటిపైన మరో రెండేళ్ల సడలింపు ఉంది, మొత్తం పదేళ్లు దాటకూడదు. స్త్రీలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుగా మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) రెండేళ్లు, సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) మూడేళ్లు, కలిపి ఐదేళ్లతో భృతి ఆగిపోతుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. విశ్వవిద్యాలయం పదేళ్లు ఆగినా భృతి ఇచ్చే సంస్థ అంతకాలం ఆగదు. ఆరో ఏడు, ఏడో ఏడు థీసిస్ రాసే సమయానికి బిడ్డకు బడి ఫీజు మొదలవుతుంది, మీ ఖాతాలో జమ ఆగిపోతుంది. కాబట్టి పెళ్లయిన స్కాలర్ గైడ్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న సెలవు గురించి కాదు. ‘ప్రసూతి సెలవులో పూర్తి భృతి వస్తుందా, ఆ నెలలు ఐదేళ్లలో కలిపి లెక్కిస్తారా, చివర్లో అదనంగా ఇస్తారా?’ అని అడగాలి. భృతి ఇచ్చే సంస్థను బట్టి జవాబు మారుతుంది. నోటిమాటను నమ్మకుండా ఈమెయిల్‌లో రాబట్టుకోండి. భృతి నెలల తరబడి ఆలస్యం కావడం మన దగ్గర వార్త కూడా కాదు కాబట్టి, కాన్పు ఖర్చుకు ఆ డబ్బు మీదే ఆధారపడకండి.

ఏ ఏడాదిలో? కోర్సువర్కు, ప్రతిపాదన ఆమోదం అయిపోయి, పద్ధతులు చేతికి వచ్చిన తర్వాత మూడో ఏడు చివర, నాలుగో ఏడు చాలామందికి అనుకూలం. మొదటి ఏడాది వద్దనడానికి కారణం ఉంది. అప్పటికి గైడ్‌కు మీ పని తెలియదు, మీకు గైడ్ తీరు తెలియదు. తిరిగి వచ్చేసరికి అంశం మరొకరి చేతికి పోయినా అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

విభాగాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. కంప్యూటర్ మీద గణన చేసేవారికి ఆరు నెలల విరామం ఆరు నెలలే. కణాలను పెంచేవారికి, ఎలుకల మీద పనిచేసేవారికి అది తొమ్మిది నెలలవుతుంది. వదిలిన కణ వరుసను మళ్లీ నిలబెట్టాలి, జంతువుల సంతతిని మళ్లీ పెంచాలి, జంతు నైతిక సంఘం అనుమతి గడువు దాటితే మళ్లీ దరఖాస్తు పెట్టాలి. పొలంలో పనిచేసేవారిది మరో లెక్క. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో వేరుశనగ మీద ప్రయోగం పెట్టిన స్కాలర్‌కు శ్రావణంలో కాన్పయితే పోయేది ఆరు నెలలు కాదు, ఒక ఖరీఫ్ మొత్తం. మళ్లీ వాన పడేదాకా ఆగాలి. అలాంటివారు విత్తనం వేయడం, కోతకోయడం సాటి స్కాలర్‌కు ముందే అప్పగించి, పరిశోధన పత్రంలో సహరచయితగా పేరు ఇస్తామని మాట కుదుర్చుకోవాలి. మొహమాటంతో ఊరుకుంటే నష్టపోయేది మీరే.

గర్భం తెలిసిన వెంటనే భద్రతాధికారికి చెప్పడమా, మూడో నెల దాకా ఆగడమా? మన ఇళ్లలో మూడో నెల దాకా బయట చెప్పరు. రేడియోధార్మిక పదార్థాలు, ఫార్మాల్డిహైడ్, ఇథిడియం బ్రోమైడ్ వాడే చోట ఆ సంప్రదాయాన్ని ల్యాబు వరకు పక్కన పెట్టాలి. మొదటి వారాలే గర్భస్థ శిశువు అవయవాలు ఏర్పడే కాలం. బంధువులకు చెప్పకపోయినా గైడ్‌కు, భద్రతాధికారికి చెప్పండి. పుస్తక పని, డేటా విశ్లేషణ వైపు మారడానికి ఆ మాట సరిపోతుంది.

పార్ట్‌టైం పీహెచ్‌డీ గురించి కూడా చాలామంది అడుగుతారు. 2022 నిబంధనలు దాన్ని అనుమతిస్తున్నాయి. ఉద్యోగం చేస్తున్నవారు సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి అది మంచి దారి. పూర్తికాల స్కాలర్ బిడ్డ కోసం పార్ట్‌టైంకు మారడం మాత్రం నాకు నచ్చదు. భృతి పోతుంది, పని తగ్గదు. సెలవు తీసుకుని పూర్తికాలానికి తిరిగి రావడమే మేలు.

ప్రాజెక్టు కాంట్రాక్టులో ఉంటే

ఫెలోషిప్ లేకుండా ప్రాజెక్టు అసోసియేట్‌గా చేరినవారు తమకు ఏమీ రాదని అనుకుంటారు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో 26 వారాల వేతన సెలవు వచ్చింది. అప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి 12 వారాలు. కాన్పుకు ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ‘నీ కాంట్రాక్టు మార్చిలో అయిపోతుంది కదా, ఆ తర్వాతి సెలవుకు డబ్బు ఎక్కడిది’ అని కార్యాలయంలో అడగడం మామూలే. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కాంట్రాక్టు వైద్యురాలి కేసులో దీనికి తేల్చి చెప్పింది: సెలవుకు అర్హత వచ్చాక, కాంట్రాక్టు గడువు ముగిసినా ఆ ప్రయోజనం మిగతా కాలానికీ ఇవ్వాలి. మన మూడు గడువుల్లో మొదటిదాన్ని కోర్టు జరిపిన సందర్భం ఇది. అయితే కాంట్రాక్టును పొడిగించమని మాత్రం ఆ తీర్పు చెప్పదు. ఆ తర్వాతి కొలువు మీరు వెతుక్కోవాల్సిందే.

మన దేశంలో పోస్ట్‌డాక్

సూటిగా చెప్పాలంటే, ప్రయోగాల మీద నడిచే విభాగాలకు ఇది మూడింటిలోకీ ఇరుకైన దశ. నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ రెండేళ్లే. అందులో ఆరు నెలలు తీసేస్తే ఒక పత్రానికి సరిపడా ఫలితాలు రావడం కష్టం. ఆ పత్రం లేకపోతే ఉద్యోగ దరఖాస్తు బలహీనపడుతుంది. వయోపరిమితి 35 ఏళ్లు, స్త్రీలకు ఐదేళ్ల సడలింపు. ఈ సడలింపు పిల్లలున్నా లేకపోయినా స్త్రీలందరికీ వస్తుంది. బిడ్డను చూసుకోవడానికి ఏడాది ఆగిన తండ్రికి రాదు. మూడో గడువు ఆడవారికి జరిగి మగవారికి జరగకపోతే ఇంట్లో ఎవరు ఆగుతారో ముందే ఖాయమైపోతుంది. అందుకే పేరుకు మేలు చేసే నిబంధన కూడా భారాన్ని పాత చోటికే నెడుతుంది.

దీనికంటే ఊపిరి తీసుకోనిచ్చే దారులు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే డీబీటీ-వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు జీవ, వైద్య శాస్త్రాలవారికి వయసు చూడకుండా ఇస్తారు, ఎక్కువ ఏళ్లు నడుస్తాయి. పోటీ తీవ్రం, అందుకే అదొక్కటే నమ్ముకోవద్దు. ల్యాబు ప్రాజెక్టులో రిసెర్చ్ అసోసియేట్‌గా చేరితే 2023 నుంచి మొదటి శ్రేణికి 58,000 రూపాయలు. పేరు తక్కువ, కానీ గైడ్ మంచివారైతే ప్రాజెక్టు పొడవును బట్టి సర్దుబాటు చేసుకోవచ్చు. బిడ్డ దగ్గరలోనే ఉందని తెలిసినప్పుడు రెండేళ్ల ఘనమైన ఫెలోషిప్ కంటే నాలుగేళ్ల ప్రాజెక్టు కొలువే మంచిదని నేను చెబుతాను. ఇది చాలామంది ప్రొఫెసర్లకు నచ్చదని తెలుసు.

ఉద్యోగం వచ్చాక

కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో స్థిరపడ్డవారికి 180 రోజుల ప్రసూతి సెలవు, తండ్రికి 15 రోజులు. దాని పైన పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365కి 80 శాతం. ఒంటరి తండ్రికి కూడా ఇది వర్తిస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలే నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో శిశు సంరక్షణ సెలవు 180 రోజులు, తెలంగాణలో 90. ఒకే నగరంలో ఒక కేంద్ర విశ్వవిద్యాలయం, ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం రెండింటిలోనూ ఉద్యోగం వచ్చినవారికి ఈ తేడా జీతం తేడా కంటే పెద్దది.

730 రోజులు చూసి మురిసిపోవద్దు. ఈ సెలవును హక్కుగా అడగడానికి లేదు, పై అధికారి మంజూరు చేయాలి. ఏడాదికి మూడు విడతలకు మించి ఇవ్వరు, ఒక విడతకు కనీసం ఐదు రోజులు. సొంత ల్యాబు పెట్టిన కొత్త ప్రొఫెసర్ ఆరు నెలలు లేకపోతే ఆమె దగ్గర చేరిన మొదటి ఇద్దరు స్కాలర్ల కథ ఆగిపోతుంది. నిధుల వినియోగ పత్రాలు, కొనుగోలు టెండర్లు ఆమె సంతకం కోసం ఎదురుచూస్తాయి.

అసలు సమస్య వయసుది. పీహెచ్‌డీ ఐదారేళ్లు, పోస్ట్‌డాక్ మూడు నాలుగేళ్లు అయ్యేసరికి చాలామందికి 34, 35 దాటుతుంది. ఆ తర్వాత గర్భం దాల్చే అవకాశాలు తగ్గుతూ వస్తాయి. ఉద్యోగం వచ్చేదాకా ఆగడం డబ్బు పరంగా అన్నిటికంటే భద్రమైన దారి. శరీరం పరంగా అన్నిటికంటే జూదం. ఆగాలనుకుంటే ఆగండి, కానీ స్త్రీవైద్య నిపుణురాలిని ఒకసారి కలిసి, పరీక్షలు చేయించుకుని ఆగండి.

విదేశాల్లో పోస్ట్‌డాక్: అమ్మ వీసా కూడా లెక్కలోకి వస్తుంది

తెలుగు ఇళ్లలో ఒక ఏర్పాటు పాతుకుపోయింది. కాన్పుకు ముందు అమ్మ వస్తుంది, ఆరు నెలలుంటుంది. ఆమె వెళ్లగానే అత్తగారు వస్తారు, ఇంకో ఆరు నెలలు. అలా బిడ్డకు మొదటి పుట్టినరోజు దాటిపోతుంది. ఈ ఏర్పాటు అమెరికాలో నడవడానికి కారణం ఉంది. సందర్శకుల వీసా మీద దిగినవారికి అక్కడ మామూలుగా ఆరు నెలల బస ఇస్తారు. బ్రిటన్‌లోనూ సందర్శకులకు ఆరు నెలలు. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులే. అంటే అమ్మ మూడు నెలలకే విమానం ఎక్కాలి. పోస్ట్‌డాక్ ఎక్కడ అని ఎంచుకునేటప్పుడు ల్యాబు పేరు, పత్రాలు చూస్తాం కానీ ఈ 90 రోజుల సంగతి ఎవరూ ముందుగా చూడరు. అమెరికాకైనా హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి నెలలు పట్టవచ్చు. గర్భం తెలిసిన వారంలోనే అమ్మకు దరఖాస్తు పెట్టించండి. బీపీ, షుగరు ఉన్న తల్లిదండ్రులకు సందర్శకుల బీమా ఆ పాత జబ్బులను సాధారణంగా కవర్ చేయదన్నది కూడా ఆ లెక్కలో వేసుకోండి.

ఇక మూడు గడువుల ప్రకారం చూద్దాం.

అమెరికాలో ప్రసవానికి దేశమంతటా వర్తించే వేతన సెలవు చట్టం లేదు. ఉన్నది 12 వారాల సెలవు, జీతం లేకుండా. అదీ అదే సంస్థలో 12 నెలలు పనిచేశాకే. చేరిన ఏడాదిలోపే కాన్పయితే ఆ రక్షణ కూడా ఉండదు. మిగిలినదంతా ఆయా విశ్వవిద్యాలయం, రాష్ట్రం దయ. అందుకే ఆఫర్ లెటర్ వచ్చాక, సంతకానికి ముందు, పోస్ట్‌డాక్‌లకు సెలవు విధానం ఏమిటని మానవ వనరుల విభాగాన్ని అడగాలి. ప్రొఫెసర్‌ను కాదు, ఆయనకు చాలాసార్లు తెలియదు. అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎన్‌ఆర్‌ఎస్‌ఏ ఫెలోషిప్‌లో సెలవు, పిల్లల సంరక్షణ భత్యం బాగుంటాయని చదివి ఆశపడేవారున్నారు. అది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. మనవాళ్లకు తెరిచి ఉన్నది అదే సంస్థ పోస్ట్‌డాక్‌లకు ఇచ్చే కే99 గ్రాంటు. పీహెచ్‌డీ తర్వాత నాలుగేళ్ల పరిశోధనానుభవం దాటకముందే దరఖాస్తు చేయాలి, ఆ కాలంలో బిడ్డ పుడితే ఒక ఏడాది పొడిగింపు ఇస్తారు. అక్కడ మూడో గడువు జరిగినట్టే.

డబ్బు లెక్క కూడా వేసుకోవాలి. 2024లో ఎన్‌ఐహెచ్ కొత్త పోస్ట్‌డాక్‌కు నిర్ణయించిన కనీసం ఏడాదికి 61,008 డాలర్లు. బోస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి చోట్ల పసిపిల్లల డేకేర్ నెలకు రెండు వేల డాలర్లు దాటడం మామూలే. పన్ను కట్టాక, అద్దె కట్టాక మిగిలేది చూస్తే అమ్మా అత్తగారూ ఎందుకు వంతులు వేసుకుంటారో అర్థమవుతుంది. భార్యాభర్తల్లో రెండోవారు పనిచేయగలరా అన్నది ఇక్కడ నిర్ణాయకం. జే-1 (సందర్శక పరిశోధకుల వీసా) మీద వెళితే జే-2 (వారి భార్య లేదా భర్త వీసా) మీద ఉన్నవారు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్-1బీ మీద వెళితే, గ్రీన్‌కార్డు కోసం పెట్టే ఐ-140 పిటిషన్‌కు ఆమోదం వచ్చేదాకా హెచ్-4 మీద ఉన్నవారు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. పోస్ట్‌డాక్‌కు హెచ్-1బీ ఇస్తామంటే గొప్పగా చెప్పుకునే మనవాళ్లు ఈ ఒక్క కారణంతో జే-1 మేలని తర్వాత తెలుసుకుంటారు.

జర్మనీలో రెండు వేర్వేరు ప్రపంచాలున్నాయి: ఉద్యోగ కాంట్రాక్టు, స్టైపెండ్. ఒకే ల్యాబులో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరికి అన్నీ వస్తాయి, ఇంకొకరికి దాదాపు ఏమీ రావు. కాంట్రాక్టులో ఉంటే కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు పూర్తి వేతనంతో సెలవు. తర్వాత తల్లిదండ్రులు ఇద్దరూ పంచుకుంటే మొత్తం 14 నెలల దాకా ఎల్టర్‌గెల్డ్ అనే భత్యం, నికర ఆదాయంలో సుమారు 65 శాతం, నెలకు 300 నుంచి 1,800 యూరోల మధ్య. పని హక్కు ఉన్న నివాస అనుమతి ఉండాలి. 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశు సంరక్షణ కేంద్రంలో చోటు చట్టబద్ధ హక్కు. పెద్ద నగరాల్లో చోటు దొరకడం మాత్రం కష్టం, గర్భంతో ఉండగానే పేరు రాయించాలి.

నాకు అన్నిటికంటే నచ్చేది అక్కడి గడువు నిబంధన. విశ్వవిద్యాలయాల్లో తాత్కాలిక కాంట్రాక్టులకు పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు పరిమితి. మీరు పెంచుతున్న ఒక్కో బిడ్డకు ఈ పరిమితి రెండేళ్లు పెరుగుతుంది, తల్లికైనా తండ్రికైనా. మన దేశంలోని సడలింపుల కంటే ఇది మెరుగని నేననేది అందుకే. బయటి ప్రాజెక్టు నిధులతో ఇచ్చిన కాంట్రాక్టుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు, కాబట్టి మీ కాంట్రాక్టు ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో అడగండి. ఇంకో మాట, గర్భవతుల రక్షణ నిబంధనలు అక్కడ ఎంత గట్టివంటే చాలాచోట్ల ప్రయోగాలు పూర్తిగా మాన్పిస్తారు. కొందరు కోపగించుకుంటారు, కొందరు ఊపిరి పీల్చుకుంటారు.

1995 నోబెల్ విజేత క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ 2004లో పెట్టిన ఫౌండేషన్ గురించి ఇక్కడ చెప్పాలి. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకు ఇల్లు ఊడ్చడానికి, వంటకు, పిల్లలను చూసుకోవడానికి సహాయకులను పెట్టుకొమ్మని ఆ ఫౌండేషన్ డబ్బు ఇస్తుంది. పరికరాలకూ ప్రయాణాలకూ కాదు, ఇంటి పనికి. ఇంత సూటిగా సమస్యను పట్టుకున్న పథకం మన దేశంలో ఒక్కటీ నా కంటపడలేదు.

బ్రిటన్ అయితే, పోస్ట్‌డాక్ కంటే పీహెచ్‌డీకి అనుకూలం. అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్‌ఐ నిధులతో చేసేవారికి 52 వారాల సెలవు: మొదటి 26 వారాలు పూర్తి స్టైపెండ్, తర్వాతి 13 వారాలు చట్టబద్ధ కనీస భత్యం స్థాయిలో, చివరి 13 భత్యం లేకుండా. సెలవు మేరకు స్టైపెండ్ ముగింపు తేదీ కూడా ముందుకు జరుగుతుంది. అంటే మొదటి రెండు గడువులూ జరుగుతాయి. 2024 జనవరి నుంచి విద్యార్థి వీసా మీద భార్యనో భర్తనో, పిల్లలనో తీసుకెళ్లే వీలు పరిశోధన కోర్సులవారికి తప్ప దాదాపు ఎవరికీ లేదు. పీహెచ్‌డీ వారికి ఉంది. ఆరోగ్య సర్‌ఛార్జి మాత్రం ముందే కట్టాలి: విద్యార్థికి, వెంట వచ్చే కుటుంబంలో ఒక్కొక్కరికి ఏడాదికి 776 పౌండ్లు. మూడేళ్లకు ముగ్గురి లెక్క వేస్తే బెంబేలెత్తిస్తుంది.

యూరప్‌లో మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్లలోపు అన్న షరతు ఉంది. అందులో కెరీర్ విరామాలను తీసేసి లెక్కిస్తారు, కుటుంబ భత్యం అదనం. యూరప్ జీవశాస్త్ర సంస్థ ఎంబో ఇచ్చే ఫెలోషిప్‌లో మూడు నెలల వేతన సెలవు ఉంది.

ఇక నా ఎంపిక చెప్పమంటే: ఇద్దరూ పరిశోధకులే, వచ్చే రెండేళ్లలో బిడ్డ కావాలనుకుంటున్నారు, అమ్మ వచ్చి ఎక్కువకాలం ఉండటం కుదరదు అనుకుంటే జర్మనీ, అదీ కాంట్రాక్టు ఉంటేనే. ఒకరు పరిశోధన, ఇంకొకరు అమెరికాలో అప్పటికే స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మావాళ్లు రాగలరు అంటే అమెరికా. జీతం ఉన్న చోటే బీమా కూడా ఉంటుంది. తెలుగు ఇళ్లలో ఈ రెండో పరిస్థితే ఎక్కువ, దాన్ని తక్కువగా చూడాల్సిన పనిలేదు.

బిడ్డను ఎవరు చూసుకుంటారు?

సెలవు అయిపోయాక అసలు పోలిక మొదలవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. హైదరాబాద్‌లో ల్యాబు, కాకినాడలో పుట్టిల్లు అయినప్పుడు మూడు నాలుగు నెలలు దూరంగా ఉండటం తల్లికి విశ్రాంతి, తండ్రికి మాత్రం శిక్షణ లోపం. మూడో నెలలో బిడ్డను తొలిసారి ఎత్తుకున్న తండ్రి ఆ తర్వాత కూడా అతిథిలాగే ఉండిపోయే ప్రమాదం ఎక్కువ. వీలైతే అమ్మనే మీ ఇంటికి పిలిపించుకోండి. బాలింతగా ఉండగా థీసిస్ అధ్యాయం రాసేస్తామని గైడ్‌కు మాట ఇవ్వకండి. నిద్ర లేని బుర్రతో రాసినది మళ్లీ రాయాల్సి వస్తుంది.

2017 సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. తార్నాక, హబ్సిగూడ వైపు ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థలు పక్కపక్కనే ఉన్నాయి. అలాంటి చోట్ల ఇల్లు ల్యాబుకు నడిచి వెళ్లే దూరంలో తీసుకోవడం మంచిది. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో పోగొట్టుకుంటే పెద్ద ఇంట్లో ఉన్నా ప్రయోజనం లేదు. బయోటెక్ సంస్థలుండే జీనోమ్ వ్యాలీలో చిన్న స్టార్టప్‌లో చేరేవారికి 50 మంది నిబంధన వర్తించకపోవచ్చు, చేరేముందే చూసుకోవాలి.

ప్రైవేటు డేకేర్‌కు ఎస్‌ఆర్‌ఎఫ్ భృతిలో నాలుగో వంతు సులువుగా పోతుంది, జ్వరం వచ్చిన రోజు వాళ్లు బిడ్డను తీసుకోరు. ఇంట్లో ఆయాను పెడితే జ్వరం రోజు సమస్య ఉండదు, కానీ ఆమె ఊరెళ్లిన రోజు మీరు ల్యాబుకు వెళ్లలేరు. రెండింటిలో ఏది ఎంచుకున్నా, ఫోను చేస్తే గంటలో వచ్చే ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి లేని ఊళ్లో ఎంత గొప్ప ల్యాబైనా నేను ఆలోచించి చేరమంటాను.

ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టాలంటే

రెండు మూడేళ్లు పూర్తిగా మానేసిన స్త్రీలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వైజ్-కిరణ్ పథకాలు ఉన్నాయి. 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకంగా మొదలైన దానికి ఇప్పటి రూపం ఇది. పీహెచ్‌డీకి, పోస్ట్‌డాక్‌కు వేర్వేరు ఫెలోషిప్‌లు, పేటెంట్లలో ఏడాది శిక్షణ ఇందులో ఉన్నాయి. జీవశాస్త్రం వారికి బయోటెక్నాలజీ విభాగం నడిపే బయోకేర్ పథకం ఉంది. వయోపరిమితి వీటన్నిటిలో ఉదారం, మూడో గడువు బాగా జరుగుతుంది. ఎక్కడ దెబ్బతింటారంటే, ఫెలోషిప్ గడువు అయ్యాక ఆ సంస్థ మిమ్మల్ని తీసుకోవాలన్న బాధ్యత ఏమీ లేదు. ఒక పథకం నుంచి ఇంకో పథకానికి మారుతూ యాభై ఏళ్లకు చేరినవారున్నారు. ఈ దారి ఎంచుకుంటే మొదటి ఏడాదే శాశ్వత కొలువులకు దరఖాస్తులు మొదలుపెట్టండి. పేటెంట్ శిక్షణ ప్రయోగశాలకు తిరిగి తీసుకురాదు, కానీ ఇంటి నుంచి చేయగల, డబ్బు వచ్చే వృత్తిని ఇస్తుంది. ప్రయోగాలంటే ప్రాణం లేనివారికి అదే మంచిదని మొహమాటం లేకుండా చెబుతాను.

గైడ్‌లకు ఒక మాట. మీ చేతిలో పెద్ద నిధులు లేకపోవచ్చు. వారం వారం జరిగే ల్యాబు సమావేశాన్ని సాయంత్రం ఆరింటి నుంచి ఉదయం పదింటికి మార్చడానికి నిధులు అక్కర్లేదు. సెలవులో ఉన్న స్కాలర్ ప్రయోగాన్ని నడిపే జూనియర్‌కు పత్రంలో చోటు ఇస్తామని ముందే చెప్పడానికీ అక్కర్లేదు. సిఫారసు లేఖలో ‘విరామం ఉన్నప్పటికీ’ అన్న మాట రాయకుండా, పనిచేసిన నెలల్లో ఏం సాధించారో రాయండి. స్కాలర్ తండ్రి అయినప్పుడు యూజీసీ నిబంధనల్లో అతనికి ప్రత్యేక సెలవు లేదు. నెల రోజులు ఇంటి నుంచి పనిచేయమని మీరు చెప్పవచ్చు. చెప్పే గైడ్ ఎవరో చేరేముందు ఆ ల్యాబు పాత స్కాలర్లకు ఫోను చేస్తే తెలిసిపోతుంది. ‘ఇక్కడ పిల్లలు పుట్టినవారు ఎంతమంది డిగ్రీ తీసుకుని వెళ్లారు?’ అని అడగండి.